నాలుగో కాగితం

పొద్దున్నే అద్దం ముందు నాలుక చాపి
ఫోను లైటు వేసి చూసుకుంటున్నాను.
ఎడమ అంచున తెల్లటి చుక్క.
నిన్న ఉందా?
మొన్నటి మిరపకాయ బజ్జీదా?
బయట పెంచలయ్య తలుపు బాదుతున్నాడు,
"ఒరేయ్, ఒక్క బకెట్ నీళ్ళకి గంటసేపా?"

ట్రిప్లికేన్‌లో కళ్ళద్దాలు అరగదీయడం నా పని.
పావు పాయింటు తేడా వస్తే
వేలితో తడిమి చెప్పగలను.
అలాంటివాణ్ణి
మెడకింద, చంకల్లో, గజ్జల్లో
బిళ్ళలు వెతుక్కుంటున్నాను.
నొక్కి నొక్కి, నొక్కినచోటే వాచింది.
వాచిందని మళ్ళీ నొక్కాను.

జరిగింది చెబుతాను.
తిరువాన్మియూరులో ఒక మేడమీది గది,
కరెంటు పోయిన సాయంత్రం,
ఇళమారన్ అనే అతను.
ముద్దు. చేతులు.
అతని భుజం మీద ఉప్పు.
అంతే.
అంతేనని రాత్రి రెండింటికి లేచి
చిల్లర తగ్గిన కొట్టువాడిలా
మళ్ళీ మొదట్నించీ లెక్కపెడతాను.
ఆ రోజు నా పెదవి పగిలి ఉందా?
గోటిచుట్టు మానిందా?
అతను ఒకసారి దగ్గాడు కదూ?

వెళ్ళేముందు మజ్జిగ ఇచ్చాడు,
కరివేపాకు తుంచి వేసి.
అప్పట్నించీ ఆ గ్లాసునీ వదల్లేదు నేను.

మొదటి పరీక్ష పన్నెండో రోజు. లేదన్నారు.
తొందరపడ్డానేమోనని ఇరవై ఎనిమిదో రోజు.
అదీ లేదు.
అక్కడ సూది కొత్తదేనా అని భయమేసి మూడోది,
రాయపేటలో ప్రైవేటు ల్యాబు, దొంగపేరుతో.
దొంగపేరు కనక
ఆ కాగితం నాది కాదనిపించింది.

ఇవాళ తొంభై మూడో రోజు.
పెద్దాసుపత్రి, పాత బిల్డింగు, పదిహేడో గది.
బల్లమీద నా పక్కన
కాలేజీ సంచిలో తల దూర్చిన కుర్రాడు.
పక్క కిటికీ దగ్గర
నెలకి సరిపడా మాత్రలు సంచిలో సర్దుకుంటూ
ఒకావిడ నర్సుతో చీర ధర గురించి పోట్లాడి నవ్వుతోంది.
ఆమెకి ఉంది. నవ్వుతోంది.
నాకు లేదు. చస్తున్నాను.

కౌన్సిలర్ గోమతిగారు అరవంలో మొదలుపెట్టి
నా యాస విని ఆగారు.
తర్వాత వాళ్ళ ఇంటి తెలుగులో,
నాలుగు తరాలుగా ఇక్కడే ఉడికిన తెలుగులో,
"ఏమి చేస్తిరో సరిగ్గా చెప్పండయ్యా, సిగ్గు వద్దు."
చెప్పాను.
మజ్జిగ సంగతి కూడా చెప్పాను.
ఆమె కలం మూత పెట్టేశారు.
"ముద్దుకి రాదు. చేతులకి రాదు.
మోరుకి అసలే రాదు.
అడిగితిరి కాబట్టి పరీక్ష చేస్తాము, లేదనే వస్తుంది.
ఇంకో ల్యాబుకి పోవద్దండయ్యా.
నిద్ర పట్టకపోతే నా దగ్గరికి రండి, సూది లేకుండా మాట్లాడుకుందాము."
లేవబోతుంటే అడిగారు,
"ఆ పిల్లోడు బాగుండాడా?"

తొంభై మూడు రోజుల్లో
వెయ్యి ప్రశ్నలు వేసుకున్నాను.
ఇది వేసుకోలేదు.

కాగితం కోసం మళ్ళీ బల్లమీద కూర్చున్నాను.
కుర్రాడి కళ్ళజోడు ముక్కుమీంచి జారుతోంది,
ఎడమ కాడ మర వదులు.
ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను.
జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది.
రెండు చుట్లు బిగించి, చొక్కా అంచుతో తుడిచి
నేనే అతని చెవుల మీద పెట్టాను.
పెట్టాక గుర్తొచ్చింది,
చేతులు కడుక్కోవాలని అనిపించలేదని.
"నొప్పిగా ఉంటుందా అన్నా?"
"సూదా?"
కాదన్నట్టు తల ఊపాడు.
నాకూ తెలీదని చెప్పాను.

కాగితం మడత విప్పలేదు.
చొక్కా జేబులో చెమటకి మెత్తబడుతోంది.
బస్సులో నాలుక తనంతట తనే
ఎడమ అంచుకి పోయింది.
చుక్క ఉంది.
ఉండనీ.
ఫోనులో 'ప్లంబర్' అని దాచిన నంబరు తీసి
మౌంట్ రోడ్డు మలుపు దాకా
ఆ పేరు చెరిపి రాస్తూ, రాసి చెరుపుతూ
ఇళ దగ్గర ఆగాను.